బీమా కంపెనీ మన చేతికి కోడ్ ఇవ్వాలంటే

(సమాఖ్య వార్షిక మహాజన సభలో బీమా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఈ ఏడాది గ్రామ సమాఖ్య మీటింగుల్లో ఒక ప్రశ్న పదే పదే వచ్చింది. "బీమా పాలసీలు ఎవరెవరో వచ్చి మనవాళ్లతో కట్టిస్తున్నారు. కమిషన్ వాళ్లకు పోతోంది. మనిషి పోయిన రోజు మాత్రం ఆ గడప తొక్కేది మనం. అలాంటప్పుడు ఆ ఏజెన్సీ ఏదో మనమే తీసుకోవచ్చు కదా?" అని అడిగారు. ఈ సంగతి తేల్చి చెప్పమని బోర్డు మా ఉపసంఘానికి అప్పగించింది. ఈ రోజు మీ ముందు పెట్టేది ఆ పనే.

జవాబు ముందే చెప్తాను. తీసుకోవచ్చు. చట్టంలో మనలాంటి వాళ్లకు దారి ఉంది. కానీ కంపెనీ పిలిచింది కదా అని సంతకం పెట్టేస్తే మాత్రం నష్టపోయేది మనమే. కంపెనీ మనల్ని చూసి ఎంచుకుంటుంది, సరే. మనం కూడా కంపెనీని చూసి ఎంచుకోవాలి. పెళ్లి సంబంధంలో ఒక పక్కవాళ్లే విచారించుకుంటే సరిపోతుందా? ఇదీ అంతే.

మనం కొత్తగా మొదలుపెట్టడం లేదు

బీమా పని మన మహిళలకు తెలియనిది కాదు. 2007లో ఆమ్ ఆద్మీ బీమా యోజన వచ్చింది. సహజ మరణానికి 30,000, ప్రమాదంలో పోతే 75,000 ఇచ్చేవాళ్లు. 9 నుంచి 12 దాకా చదివే ఇద్దరు పిల్లలకు నెలకు 100 రూపాయల స్కాలర్‌షిప్ ఉండేది. 2009లో అభయహస్తం వచ్చింది, 2016లో చంద్రన్న బీమా వచ్చింది. ఆ రోజుల్లో బీమా మిత్రలుగా పనిచేసిన అక్కలు ఈ సభలో కూడా ఉన్నారు. కబురు తెలిసిన వెంటనే ఆ ఇంటికి వెళ్లడం, డెత్ సర్టిఫికెట్ తెప్పించడం, నామినీ ఆధార్‌లో పేరు ఒకలా బ్యాంకు పుస్తకంలో ఒకలా ఉంటే దాన్ని సరిచేయించడం, ఇదంతా చేసింది వాళ్లే. బీమాలో కష్టమైన సగం ఇదే. పాలసీ అమ్మడం తేలిక, క్లెయిమ్ ఇప్పించడం కష్టం. ఆ కష్టమైన సగం మనకు వచ్చు.

గుజరాత్‌లో సేవా సంస్థ సంగతి కూడా చూడండి. ఇళా భట్ గారు 1972లో మొదలుపెట్టిన సంఘం అది. బీడీలు చుట్టేవాళ్లు, తోపుడు బండ్ల మీద కూరగాయలు అమ్మేవాళ్లు దాంట్లో సభ్యులు. 1992లో వాళ్లు సభ్యుల కోసం బీమా పని మొదలుపెట్టారు. దాన్ని విమోసేవా అంటారు. బీమా కోసమే వేరే సహకార సంఘంగా నమోదు అయ్యింది 2009లో. మధ్యలో 17 ఏళ్లు. ఆ 17 ఏళ్లూ బీమా కంపెనీలతో కలిసి పనిచేస్తూ, క్లెయిమ్‌లు చూస్తూ, లెక్కలు రాస్తూ నేర్చుకున్నారు. మనకు అంత కాలం పట్టకపోవచ్చు. కానీ వరస అదే ఉండాలి. ముందు పుస్తకం, తర్వాత సంతకం.

దారులు ఏమేమి ఉన్నాయి

బీమా కంపెనీ తరఫున పాలసీ కట్టించి కమిషన్ తీసుకోవాలంటే ఎవరైనా సరే నియామకం పొంది ఉండాలి. ఆ నియామకం అయితేనే కోడ్ వస్తుంది. కోడ్ లేకుండా "ఫలానా కంపెనీ మనిషిని" అని తిరిగితే అది చట్టానికి విరుద్ధం. మనకు దారులు ఇలా ఉన్నాయి.

మొదటిది, ఒక్కో మహిళ తన పేరు మీద ఏజెంటు కావడం. బ్రాంచికి వెళ్లి దరఖాస్తు ఇవ్వాలి. ఆధార్, పాన్ కార్డు, చదువు సర్టిఫికెట్, బ్యాంకు పాసుపుస్తకం, ఫొటోలు పెట్టాలి. శిక్షణ తీసుకుని ఐసీ-38 అనే పరీక్ష రాయాలి. పరీక్ష తెలుగులో రాయొచ్చు, భయపడక్కర్లేదు. పాసయ్యాక కంపెనీ మీ పాన్ నంబరును ఏజెంట్ల జాబితాలో వెతుకుతుంది. ఇంకో జీవిత బీమా కంపెనీలో మీ పేరు ఇప్పటికే ఉంటే ఆగిపోతుంది. ఎందుకంటే ఒక ఏజెంటు ఒక జీవిత బీమా కంపెనీకి, ఒక సాధారణ బీమా కంపెనీకి, ఒక ఆరోగ్య బీమా కంపెనీకి మాత్రమే పనిచేయొచ్చు. ఒకే రకంలో రెండు కంపెనీలు కుదరవు. మారాలనుకుంటే పాత కంపెనీ నుంచి మానేసినట్టు కాగితం తీసుకోవాలి. అందుకే మొదటి కంపెనీని తొందరపడి పట్టుకోకూడదు.

ఇందులోనే పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్ అని ఇంకో చిన్న మెట్టు ఉంది. పదో తరగతి చాలు, శిక్షణ 15 గంటలు. సులువుగా అర్థమయ్యే పాలసీలే వీళ్లు అమ్మాలి. చదువు ఆగిపోయి మళ్లీ పరీక్ష అంటే గుండె దడ అనే చెల్లెళ్లు దీని గురించి ఆలోచించొచ్చు.

రెండోది, సంఘమే సూక్ష్మ బీమా ఏజెంటు కావడం. 2005లో వచ్చి 2015లో మారిన సూక్ష్మ బీమా నిబంధనల్లో స్వయం సహాయక సంఘం, స్వచ్ఛంద సంస్థ అని పేరు పెట్టి రాశారు. కనీసం మూడేళ్లుగా పేదలతో పనిచేస్తూ ఉండాలి, లెక్కలు తేటగా ఉండాలి అన్నారు. కంపెనీతో ఒప్పంద పత్రం రాసుకోవాలి. 25 గంటల శిక్షణ కంపెనీయే తన ఖర్చుతో, స్థానిక భాషలో ఇవ్వాలని రాశారు. ఈ ఏజెంటు చిన్న మొత్తాల సూక్ష్మ బీమా పాలసీలే కట్టించాలి, పెద్ద పాలసీలు కుదరవు. నేను దీన్ని చిన్నచూపు చూడను. మన ఇళ్లకు సరిపోయేవి ఆ పాలసీలే.

మూడోది, కార్పొరేట్ ఏజెంటు. దీనికి కంపెనీతో పాటు ఐఆర్‌డీఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. సహకార సంఘాలకు కూడా ఇందులో చోటుంది. మన మండల సమాఖ్యలు చాలావరకు 1995 నాటి మ్యాక్స్ చట్టం కింద నమోదైనవే కాబట్టి ఆ దారి మూసుకుపోలేదు. పైగా 2022 నుంచి కార్పొరేట్ ఏజెంటు ఒక్కో రకంలో తొమ్మిది కంపెనీల దాకా పెట్టుకోవచ్చు. అంటే నాలుగు కంపెనీల పాలసీలు పక్కపక్కన పెట్టి, ఏది మంచిదో సభ్యురాలికి చూపించొచ్చు. వినడానికి బాగుంది. కానీ శిక్షణ పొందిన ప్రధాన అధికారి, పరీక్ష పాసైన మనుషులు, ఫీజులు, ఇవన్నీ మోయాలి. ఈ రోజు మన సమాఖ్య ఆ బరువు మోసే స్థితిలో లేదని మా ఉపసంఘం అభిప్రాయం.

ఇంకొకటి కూడా ఉంది. దాన్ని ఏజెన్సీ అనుకుని కలిపేసుకోకండి. సమాఖ్య తన సభ్యులందరికీ కలిపి గ్రూప్ పాలసీ తీసుకోవచ్చు. అక్కడ మనం అమ్మేవాళ్లం కాదు, కొనేవాళ్లం. బేరం ఆడే బలం అక్కడ ఎక్కువ. కమిషన్ కోసం కాదు, సభ్యుల రక్షణ కోసం చేసేది.

కంపెనీ మనలో ఏం చూస్తుంది

మనం అడుక్కోవడానికి వెళ్తున్నామని ఎవరూ అనుకోవద్దు. ప్రతి బీమా కంపెనీ పల్లెల్లోనూ, పేద వర్గాల్లోనూ కొంత వ్యాపారం చేసి తీరాలని ఐఆర్‌డీఏఐ నిబంధన. 2024లో వచ్చిన కొత్త నిబంధనలతో ఆ లెక్క గ్రామ పంచాయతీల దాకా వచ్చింది. పట్నంలో కూర్చున్న మేనేజరు గారికి మన పంచాయతీల్లో ఏ వీధిలో ఎవరున్నారో తెలియదు. మనకు తెలుసు. వాళ్లకు మనతో పని ఉంది.

అయినా "మాకు వేల మంది సభ్యులున్నారు" అన్నంత మాత్రాన ఏ కంపెనీ నమ్మదు. వాళ్లు అడిగేవి వేరు. కట్టించిన పాలసీ రెండో ఏడాది కూడా కడతారా? వసూలు చేసిన డబ్బు ఎప్పటికప్పుడు జమ చేస్తారా? తప్పుడు వయసు, తప్పుడు ఆరోగ్య వివరాలు రాయకుండా ఉంటారా? దొంగ క్లెయిమ్‌లు పెట్టకుండా ఉంటారా? బ్యాంకు లింకేజీ అప్పుల విషయంలో కూడా మనల్ని ఇవే అడిగారు. కిస్తీలు ఎలా కడుతున్నామో పుస్తకంలో చూపించాకే బ్యాంకు తలుపు తెరిచింది. ఇక్కడ కూడా పుస్తకమే మాట్లాడాలి.

ఆ పుస్తకంలో ఏముండాలో మేము రాసి తెచ్చాం. ప్రతి గ్రామ సమాఖ్య ఒక బీమా రిజిస్టరు పెట్టాలి. సభ్యురాలి పేరు, ఆధార్ ప్రకారం వయసు, ఇప్పటికే ఉన్న పాలసీలు, నామినీ ఎవరు, నామినీ ఖాతా ఉందా లేదా, ఏ నెలలో ప్రీమియం కట్టాలి, కట్టారా లేదా. వెనక పేజీల్లో క్లెయిమ్ లెక్క. చనిపోయిన తేదీ, కాగితాలు ఇచ్చిన తేదీ, డబ్బు పడిన తేదీ. రాకపోతే ఎందుకు రాలేదు. ఈ చివరి గడి చాలా ముఖ్యం.

మొదలు పెట్టడానికి కొత్త పాలసీ ఏదీ అక్కర్లేదు. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు. రెండూ కలిపి 456. మొదటిది 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరేవాళ్లకు, ఏ కారణంతో పోయినా 2 లక్షలు. కొత్తగా చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదం కాకుండా వేరే కారణంతో పోతే మాత్రం రాదు. రెండోది 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు, ప్రమాద మరణానికి 2 లక్షలు. డబ్బు మే నెలాఖరుకు ఖాతాలో ఉంటే బ్యాంకు తీసుకుంటుంది, జూన్ 1 నుంచి మళ్లీ ఏడాది నడుస్తుంది. మనవాళ్లలో చాలామందికి ఇదే తెగిపోతోంది. మే నెలలో ఖాతాలో 456 రూపాయలు ఉండవు. పోయాక చూస్తే పాలసీ ఉండదు. మే మొదటి వారం మీటింగులో ఈ ఒక్క మాట ఎజెండాలో పెడితే చాలు. ఏడాది తర్వాత "మా సమాఖ్యలో ఇంతమందికి పాలసీ తెగకుండా చూశాం" అని ఏ కంపెనీకైనా పుస్తకం తెరిచి చూపించొచ్చు.

మనం కంపెనీలో ఏం చూడాలి

ఒప్పంద పత్రం మన చేతికి వచ్చినప్పుడు, తెలుగులో చదివి వినిపించేదాకా ఎవరూ వేలిముద్ర గానీ సంతకం గానీ వేయకూడదు. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి ఈ రోజు అమల్లో ఉన్న నిబంధన ఏదో, మన సమాఖ్య ఏ కోవలోకి వస్తుందో కంపెనీ చేత కాగితం మీద రాయించుకోవాలి. ఆ తర్వాత అడగాల్సినవి ఇవి.

క్లెయిమ్ కాగితాలు ఎక్కడ ఇవ్వాలి? మండలంలోనా, జిల్లా కేంద్రంలోనా, ఇంకా దూరమా? కాగితాలు అందినట్టు రసీదు ఎవరు ఇస్తారు? బీమా డబ్బు కోసం మూడుసార్లు జిల్లా కేంద్రానికి తిరిగితే కూలీ పోతుంది, బస్సు చార్జీలు పోతాయి.

శిక్షణ ఖర్చు ఎవరిది? ఫారాలు, రసీదు పుస్తకాలు ఎవరిస్తారు?

కమిషన్ ఎంత, ఎప్పుడు, ఏ ఖాతాలో పడుతుంది? 2015 నాటి సూక్ష్మ బీమా నిబంధనల్లో ఏటా కట్టే జీవిత బీమా మీద ప్రతి ఏడాదీ 20 శాతం దాకా, ఒకేసారి కట్టే దాని మీద 10 శాతం, సాధారణ బీమా మీద 15 శాతం అని పరిమితి పెట్టారు. 2023 నుంచి కమిషన్ ఎంతన్నది ఆయా కంపెనీల బోర్డులు పెట్టుకున్న విధానాన్ని బట్టి ఉంటోంది. అందుకే అడగాలి. ఎంత అన్నదాంతో పాటు ఎలా ఇస్తారన్నది కూడా చూడాలి. మొదటి ఏడాది ఎక్కువిచ్చి తర్వాత తగ్గిస్తే, మనిషి కొత్త పాలసీల వెంట పరిగెత్తుతుంది, పాతవాళ్లను మర్చిపోతుంది. ప్రతి ఏడాదీ ఒకేలా ఇస్తే పాలసీ బతికి ఉండేలా చూసుకుంటుంది. మనకు కావాల్సింది రెండో రకం.

ఒప్పందం తెంచుకోవాలంటే ఎంత ముందు చెప్పాలి? 2015 నాటి సూక్ష్మ బీమా నిబంధనల్లో మూడు నెలల నోటీసు అని రాశారు. మనం బయటికి వచ్చాక అప్పటికే కట్టిన సభ్యుల పాలసీలు ఎవరు చూస్తారు?

ఆఖరుది, మన సభ్యుల ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు కంపెనీ వేరే పనికి వాడకూడదని రాయించాలి. లేకపోతే రేపటి నుంచి ప్రతి సభ్యురాలికీ ఫోన్లు మొదలవుతాయి.

బీమా సఖి గురించి

చాలామంది చెల్లెళ్లు దీని గురించే అడిగారు. 2024 డిసెంబరు 9న పానిపట్‌లో ప్రధానమంత్రి ఈ పథకాన్ని ప్రారంభించారు. ఎల్‌ఐసీ నడుపుతోంది. పదో తరగతి పాసై, 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఉన్న మహిళలు చేరొచ్చు. మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 స్టైపెండ్. మూడేళ్లకు మొత్తం 2,16,000. కమిషన్ వేరే. ఇప్పటికే ఏజెంట్లుగా ఉన్నవాళ్లు, ఎల్‌ఐసీ ఏజెంట్ల, ఉద్యోగుల దగ్గరి బంధువులు దీనికి అర్హులు కారు.

ఇది మంచి అవకాశమే. కానీ ఇది జీతం కాదు, ఉద్యోగం కాదు. స్టైపెండ్‌కు షరతులు ఉన్నాయి. ఏడాదికి 24 మంది చేత పాలసీ కట్టించాలి, మొదటి ఏడాది కమిషన్ 48,000 రావాలి. రెండో ఏడాది స్టైపెండ్ రావాలంటే మొదటి ఏడాది కట్టించిన పాలసీల్లో కనీసం 65 శాతం నడుస్తూ ఉండాలి.

లెక్క వేసుకుందాం. 48,000ను 24తో భాగిస్తే ఒక్కో పాలసీకి 2,000 కమిషన్. కమిషన్ 25 శాతం అనుకుందాం, ఊరికే లెక్క కోసం. అంటే ఒక్కో పాలసీ ఏడాదికి 8,000 రూపాయల ప్రీమియం. ఊళ్లో ఏటా 8,000 ఆగకుండా కట్టగలిగే ఇళ్లు ఎన్ని? ఈ ఏడాది 24 ఇళ్లు దొరుకుతాయి, వచ్చే ఏడాది ఇంకో 24 దొరుకుతాయా? 24లో 16 పాలసీలు రెండో ఏడాది కూడా నడుస్తాయా? ఈ ప్రశ్నలకు "అవును" అనగలిగిన చెల్లెలు ధైర్యంగా చేరొచ్చు. సమాఖ్య వెనక ఉంటుంది. చెప్పలేని చెల్లెలు ఇంకో ఏడాది రిజిస్టరు పనిచేసి, ఊరి సంగతి తెలుసుకుని అప్పుడు వెళ్తే మంచిది. టార్గెట్ కోసం చెల్లెలికి, వదినకు, తోడికోడలికి కట్టించి, కిస్తీ కట్టలేక అవి తెగిపోతే, డబ్బూ పోతుంది, చుట్టరికమూ పోతుంది.

డబ్బు చేతిలో పడ్డాక

బీమా చట్టంలో ఒక మాట ఉంది, ప్రతి మహిళా గుర్తుపెట్టుకోవాలి. ఏజెంటు వసూలు చేసిన ప్రీమియం 24 గంటల్లో కంపెనీకి జమ కావాలి. సెలవు రోజులు మాత్రమే మినహాయింపు. తన కమిషన్ ముందే పట్టుకుని మిగతాది కట్టకూడదు, మొత్తం కట్టాలి. కమిషన్ తర్వాత వస్తుంది. ఎందుకింత గట్టిగా అన్నారు? ప్రీమియం కంపెనీకి అందకముందే మనిషి పోతే పాలసీ లేదు. "రేపు కడదాంలే" అని బియ్యం డబ్బాలో పెట్టిన 500 రూపాయల వల్ల ఒక ఇంటికి 2 లక్షలు పోవచ్చు. సంఘం పొదుపు డబ్బు మీటింగు రోజు దాకా ఇంట్లో పెట్టుకునే అలవాటు మనకుంది. బీమా డబ్బుకు ఆ అలవాటు పనికిరాదు.

రెండో మాట. "నా కమిషన్‌లో సగం నీకిస్తాను, నా దగ్గరే కట్టు" అని చెప్పడం నేరం. అలా రాయితీ ఇవ్వడానికి వీల్లేదని చట్టం 41వ సెక్షన్ చెబుతోంది. జరిమానా 10 లక్షల దాకా ఉంటుంది.

మూడో మాట. అప్పుకు, పాలసీకి ముడిపెట్టొద్దు. "లోన్ కావాలంటే పాలసీ కట్టాలి" అన్న మాట మనలో చాలామంది వేరేచోట విన్నారు, బాధపడ్డారు. అదే మాట రేపు మన నోటి నుంచి రాకూడదు.

సంతకం ఎవరిది, పని ఎవరిది

ఇది కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. ఊళ్లలో కొన్ని ఏజెన్సీలు పేరుకు ఆడవాళ్లవి. పరీక్ష ఆమె రాసింది, కోడ్ ఆమెది. తిరిగేది, వసూలు చేసేది, ఫారాలు నింపేది ఆయన. కమిషన్ ఆమె ఖాతాలో పడుతుంది, ఏటీఎం కార్డు ఆయన జేబులో ఉంటుంది. రేపు డబ్బు జమ కాలేదని కేసు వస్తే కాగితం మీద ఉన్న పేరు మీదే వస్తుంది. సమాఖ్య తరఫున శిక్షణకు వెళ్లే మహిళ తన పని తానే చేయాలి. ఇంట్లో సాయం తీసుకోవచ్చు, బండి మీద దింపమనొచ్చు. రసీదు మీద సంతకం మాత్రం డబ్బు లెక్కపెట్టిన చేతిదే కావాలి.

ఫారం నింపేటప్పుడు

పాలసీ కట్టించే రోజునే సగం క్లెయిమ్ తేలిపోతుంది. ఫారంలో షుగరు, బీపీ, టీబీ మందులు వాడుతున్న సంగతి రాస్తే పాలసీ ఆలస్యమవుతుందని కొందరు ఏజెంట్లు "లేదు" అని రాసేస్తారు. జీవిత బీమా పాలసీ మొదలైన మూడేళ్ల లోపు నిజం దాచారని కంపెనీ తేల్చగలిగితే క్లెయిమ్ ఆపొచ్చు. మూడేళ్లు దాటాక పాలసీని ప్రశ్నించడానికి వీల్లేదని 45వ సెక్షన్ చెబుతోంది. కానీ మూడేళ్లలోపు పోయే ఇళ్లే మనం ఎక్కువ చూస్తున్నాం కదా. అందుకని ఉన్నది ఉన్నట్టు రాయాలి. సభ్యురాలికి చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. నామినీ పేరు ఆధార్‌లో ఎలా ఉంటే అలా రాయాలి. బాండు చేతికి వచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చని కూడా మనమే చెప్పాలి. అది చెప్తే కమిషన్ పోతుందేమో. పోనివ్వండి.

క్లెయిమ్ రోజు

ఎవరు పాలసీ కట్టించినా ఆ ఇంటికి వెళ్లేది మనమే అని మొదట్లో అన్నాను. కోడ్ వచ్చాక ఆ బాధ్యత పెరుగుతుంది, తగ్గదు. ప్రమాదం అయితే ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం కాగితాలు కావాలి. పాము కరిచినా, చెట్టు మీద నుంచి పడినా ఆసుపత్రిలో వెంటనే చూపించి, కారణం అక్కడ రాయించాలి. మన ప్రాంతంలో పాము కరిస్తే ముందు మంత్రం వేయిస్తారు, ఆసుపత్రి కాగితం ఉండదు, సురక్షా బీమా డబ్బు ఆగిపోతుంది. ఈ మాట ముందే, అందరూ బాగున్నప్పుడే, మీటింగులో చెప్పాలి.

కంపెనీ క్లెయిమ్ కాదంటే అక్కడితో వదిలేయొద్దు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసాలో, 155255 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ తర్వాత బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు. ఏజెంటు అయ్యాం కాబట్టి కంపెనీ మీద ఫిర్యాదుకు సాయం చేయకూడదేమో అని ఎవరూ జంకక్కర్లేదు. క్లెయిమ్‌లో సాయపడటం సూక్ష్మ బీమా ఏజెంటు పనుల్లోనే ఉంది. ఫిర్యాదు చేస్తే మొహం మాడ్చుకునే కంపెనీ మనకొద్దు.

సభ ముందు పెడుతున్న తీర్మానాలు

ఇక మా ఉపసంఘం సిఫారసులు చదువుతాను. చర్చించి, ఒప్పుకుంటే చేతులెత్తండి. వద్దనుకుంటే వద్దని చెప్పండి, మినిట్స్‌లో అది కూడా రాస్తాం.

ఒకటి. ప్రతి గ్రామ సమాఖ్య వచ్చే నెల మీటింగు నుంచి బీమా రిజిస్టరు మొదలుపెట్టాలి. మే నెల మొదటి మీటింగులో 456 రూపాయల సంగతి తప్పకుండా ఎజెండాలో ఉండాలి.

రెండు. సొంతంగా ఏజెంటు కావాలనుకునే మహిళలు, బీమా సఖిలో చేరాలనుకునేవాళ్లు గ్రామ సమాఖ్యలో పేరు ఇవ్వాలి. పరీక్షకు తెలుగులో తయారీ క్లాసులు సమాఖ్య ఆఫీసులో పెడతాం. బీమా మిత్రలుగా పనిచేసిన అక్కలు క్లెయిమ్ పాఠం చెప్తారు.

మూడు. ఏడాది పాటు రిజిస్టరు నడిచాక, ఆ పుస్తకాలు పట్టుకుని కనీసం రెండు కంపెనీలతో సూక్ష్మ బీమా ఏజెన్సీ గురించి మాట్లాడతాం. ఒక్క కంపెనీ మాట విని సంతకం పెట్టం. ఒప్పందం ముసాయిదా తెలుగులో మహాజన సభ ముందుకు వస్తుంది. మీరు వద్దంటే ఆగిపోతుంది.

నాలుగు. సమాఖ్యకు వచ్చే కమిషన్‌లో కొంత భాగం క్లెయిమ్ నిధిగా పక్కన పెట్టాలి. బీమా డబ్బు వచ్చేలోపు ఆ ఇంటికి ప్రయాణ ఖర్చులకు, సర్టిఫికెట్ల ఖర్చులకు దాంట్లో నుంచి ఇస్తాం. ఎంత భాగం అన్నది మీరే తేల్చండి.

ఆఖరుగా ఒక మాట, అక్కలారా. బయటి ఏజెంటు కట్టించిన పాలసీకి డబ్బు రాకపోతే ఆయన ఆ వీధికి రావడం మానేస్తాడు. మనం అలా మానేయలేం. పొద్దున బోరింగు దగ్గర, సాయంత్రం మీటింగులో ఆ ఇంటి మనిషి మొహం మళ్లీ చూడాలి. కంపెనీలకు లేనిది, మనకున్నది అదే. అందుకే తొందర వద్దంటున్నాం. అందుకే ఈ పని మనం చేయగలమని కూడా అంటున్నాం.

 ఇక చర్చ మీది.